కాళ్ళ సిస్టర్ ఆఖరి రిపోర్టు

మా పెద్దమ్మ మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టదు. తమాషాగా ఉంటుంది కానీ నిజం. ఆవిడ విదేశం నుంచి మొత్తానికి తిరిగొచ్చేసిందని తెలిసి నేనూ అమ్మా కాన్వెంటుకి వెళ్తే, ముందుగదిలో కుర్చీలోంచి లేచి నిలబడి, ముందు మా చెప్పుల వైపు చూసింది, తర్వాత మోకాళ్ళు, తర్వాత మెల్లగా పైకి.

"నీ ఎడమకాలు ఇంకా లోపలికే పడుతోందే," అంది అమ్మతో. ఆరేళ్ళ తర్వాత సొంత చెల్లెలితో అన్న మొదటి మాట అది.

"అక్కా, నా మొహం ఇక్కడుంది," అంది అమ్మ.

"చూస్తా, దానికేం తొందర."

ముగ్గురం నవ్వాం. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ నవ్వడం నేను చూళ్ళేదు, అందుకే ఇది ముందు రాసేస్తున్నా.

పెద్దమ్మ నన్. పంతొమ్మిదేళ్ళప్పుడు కాన్వెంటులో చేరింది, ఇప్పుడు అరవై నాలుగు. నలభై అయిదో ఏట ఆవిడ చేరిన సిస్టర్ల సభవాళ్ళు సముద్రం దాటించి ఒక చిన్న ఊరికి పంపారు. అక్కడ వాళ్ళకి ఒక మిషన్ ఉండేది. మిషన్ అంటే ఏదో పెద్ద భవనాలూ గంటలూ అనుకుంటాం కదా, అది నాలుగు గదులు. ఒక గదిలో ప్రార్థన, రెండు గదుల్లో సిస్టర్లు పడుకునేవాళ్ళు, నాలుగో గదిలో కాళ్ళు.

అవును, కాళ్ళే. ఆ ఊళ్ళో ఒకప్పుడు కుష్ఠు వచ్చి తగ్గినవాళ్ళు కొంతమంది ఉన్నారు. మందు వాడితే ఆ జబ్బు పూర్తిగా పోతుంది, ఇంకొకరికి అంటదు కూడా. కానీ పాదాల్లో పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాదు. మేకు గుచ్చుకున్నా తెలీదు, చెప్పులో గులకరాయి పడితే సాయంత్రం దాకా దానిమీదే నడిచేస్తారు. నొప్పి ఉంటే కదా ఆగడానికి. అందుకని వారానికి రెండుసార్లు వాళ్ళొచ్చి గోడవారగా ఉన్న బల్లమీద వరసగా కూర్చునేవాళ్ళు. బేసిన్లలో నీళ్ళుపోసి అరగంట పాదాలు నానబెట్టడం, బిరుసెక్కిన తోలు గీకెయ్యడం, నూనె రాయడం. ఆఖరున పెద్దమ్మ అరచేత్తో పాదమంతా తడిమి చూసేది. ఎక్కడైనా వెచ్చగా తగిలిందంటే లోపల పుండు తయారవుతోందని అర్థం. అప్పుడే కట్టుకట్టి, పది రోజులు నడవొద్దని బతిమాలో తిట్టో కూర్చోబెట్టాలి. లేకపోతే పుండు ఎముక దాకా పోతుంది, ఆ తర్వాత వేలు, ఆ తర్వాత పాదం.

పెద్దమ్మ నర్సు కాదు. వెళ్ళింది వంటకి. అక్కడున్న నర్సు సిస్టర్ ఆరోగ్యం పాడై వెనక్కి వచ్చేస్తూ, "పోనీ నువ్వు చూస్తూండు, ఇంకొకర్ని పంపిస్తార్లే," అందిట. ఆ ఇంకొకరు ఎప్పుడూ రాలేదు. పన్నెండేళ్ళు పెద్దమ్మే చూసింది, ఆఖరి నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి కాళ్ళ సిస్టర్ అనేవాళ్ళు.

మొన్నటి వేసవిలో ఇక్కణ్ణించి ఉత్తరం వెళ్ళింది. దేవుడి దయవల్ల అక్కడి పని పూర్తయింది, నాలుగు వందల పదకొండు మందికి నయమైంది, కాబట్టి మిషన్ మూసేస్తున్నాం, సిస్టర్ తిరిగి రావాలి అని. నెలన్నరలో అన్నీ సర్దేసి వచ్చేసింది. ఇక్కడ ఒక ముగింపు సభ పెట్టారు, అందులో పెద్దమ్మ పదినిమిషాలు మాట్లాడాలి, అదే ఆఖరి రిపోర్టుగా పుస్తకంలో అచ్చేస్తారు. పెద్దమ్మ వేళ్ళ కణుపులు వాచిపోయి పెన్ను పట్టుకోలేదు. అందుకని నన్ను పిలిచారు. కాలేజీకి సెలవులు, టైపింగ్ ఎలాగూ వచ్చు, ఎగురుకుంటూ వెళ్ళా. నిజానికి నాకు భలే ఉత్సాహంగా ఉండింది, మా ఇంట్లోంచి ఒకావిడ అంతమందికి నయం చేసిందంటే మామూలు విషయమా.

కాన్వెంటు ముందుగదిలో ప్లాస్టిక్ గుడ్డ పరిచిన టేబుల్ ఒకటుంది. దానిమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నేను, ఎదురుగా గోడవైపు చూస్తూ పెద్దమ్మ. మొదటి రోజు రెండు పేజీలు బానే సాగింది. భాష ఎలా నేర్చుకుందో, మొదట్లో సంతలో ఉప్పు అడగబోయి మేకని బేరమాడి ఎలా నవ్వులపాలైందో, అన్నీ చెప్పింది. రెండో రోజు ఫలితాలు అన్న భాగానికొచ్చాం.

"నాలుగు వందల పదకొండు మంది కదా పెద్దమ్మా," అంటూ నేనే టైప్ చేసేశా. చేసి, ఊరికే అడిగా. "ఆ ఊళ్ళో ఎంతమంది ఉంటారేంటి మొత్తం?"

"ఆరేడు వందలు."

"అంటే ఊళ్ళో సగం పైన జబ్బు మనుషులేనా?"

పెద్దమ్మ గోడకేసే చూస్తోంది. వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగా. అప్పుడు మొహం ఇటు తిప్పింది.

"ముప్ఫై ఎనిమిది," అంది.

"ముప్ఫై ఎనిమిది ఏంటి?"

"మనుషులు. నేను చూసింది ముప్ఫై ఎనిమిది మందిని. వాళ్ళే. పన్నెండేళ్ళూ ఇంచుమించు వాళ్ళే."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మూడు నెలలకోసారి ఒక ఫారం నింపి పంపాలి. అందులో కొత్తగా వచ్చినవారు, చికిత్సలో ఉన్నవారు, నయమైనవారు, మరణించినవారు అని నాలుగు గడులు. ఒకరి పుండు మానితే పెద్దమ్మ నయమైనవారిలో ఒకటి వేసేది. ఆర్నెల్లకి అదే మనిషికి అదే చోట మళ్ళీ పుండు లేచేది. మళ్ళీ మానేది. మళ్ళీ ఒకటి. నయమై తిరగబెట్టినవారు అన్న గడి ఆ ఫారంలో లేదు. వాళ్ళలో ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడు, ఆ నాలుగు వందల పదకొండులో పంతొమ్మిది మంది అతనొక్కడే.

"నువ్వు తెలియక వేశావు కదా పెద్దమ్మా, దానికేముంది," అన్నా.

"మొదటేడు తెలియక. రెండో ఏడు తెలిసింది." చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటికేసి చూస్తూ అంది. "తెలిసి ఆపుదామనుకున్నా. ఈలోపు ఇక్కణ్ణించి జవాబొచ్చింది. ఒక్క ఏడులో ముప్ఫై అయిదు మందికి నయం చేశారు, చాలా సంతోషం, ఇంకో రెండు పెట్టెల గుడ్డ పంపుతున్నాం అని. గుడ్డ కావాలి నాకు. పాతకట్లు ఉడకబెట్టి ఉడకబెట్టి జల్లెడలైపోయాయి. ఇంక ఆపలేదు."

నేను టైప్ చెయ్యడం మానేశా.

"మూసేస్తున్నామన్న ఉత్తరం ప్రార్థన గదిలో ఆ ఊరి చర్చి ఫాదర్ చదివారు. అందరూ విన్నారు. బయటికొచ్చాక మేస్త్రీ నన్ను ఆపాడు. ఏమన్నాడో తెలుసా? సిస్టరూ, నాకు నయమైపోయిందంట కదా, మరి నాకు చెప్పలేదేంటి అన్నాడు."

"కోపంగానా?"

"కోపంగా అంటే బావుండును. నవ్వుతూ అన్నాడు. వాడంతే, దేన్నైనా పరాచికం చేస్తాడు. పక్కనున్నవాళ్ళూ అందుకున్నారు. ఇదిగో నాకూ నయమైపోయింది, రేపట్నించి పరుగు పందేలకెళ్తా అని ఒకామె. నేను వాళ్ళమధ్య నిలబడ్డా. నా లెక్క చూసే మూశారే, నా చేత్తో నేనే వీళ్ళని బయటికి తోసేశానే అనుకున్నా. చెప్పలేదు వాళ్ళకి. వచ్చేశా."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే, "మా నాన్న పోయినప్పుడు టెలిగ్రాం ఇస్తే, ఇద్దరికి కట్లున్నాయి రాలేనని రాసింది," అంది. "అప్పుడు మూడేళ్ళు మాట్లాడలేదు నేను. ఆ ఇద్దరూ ఎవరో మరి." మర్నాడు పొద్దున్నే నా చేతికి ఆయింట్‌మెంటు డబ్బా ఇచ్చింది, అక్క వేళ్ళకి రాయమని.

నేను వెళ్ళేసరికి పెద్దమ్మ బట్టలు మార్చుకుని, జుట్టు మీది ముసుగు సరిగ్గా పిన్నులు పెట్టుకుని రెడీగా ఉంది. "మదర్ దగ్గరికి వెళ్దాం రా. నిజం చెప్పేస్తా. లెక్క తప్పని తెలిస్తే మళ్ళీ తెరుస్తారు. ఇల్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, తాళం ఫాదర్ దగ్గరే ఉంది."

ఆ గొంతులో ఆశ ఉంది. నాకదే భయమేసింది.

మదర్ అంటే ఆ సిస్టర్ల సభకి పెద్ద. పెద్దమ్మకంటే తొమ్మిదేళ్ళు చిన్న. కొత్తగా చేరినప్పుడు ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంటే పెద్దమ్మే పక్కన కూర్చుని జో కొట్టేదట. ఇప్పుడావిడ గదిలో రెండు బీరువాలు, ఒక పాత ఫ్యాను, టేబుల్ నిండా ఫైళ్ళు. మమ్మల్ని కూర్చోమంది. పెద్దమ్మ కూర్చోలేదు.

"మదర్, ఆ లెక్క తప్పు."

"ఏ లెక్క సిస్టర్?"

"నాలుగు వందల పదకొండు. అంతమంది లేరు. ముప్ఫై ఎనిమిది మందే. మానినప్పుడల్లా ఒకటి వేశాను."

మదర్ పెన్నుకి మూత పెట్టింది. "నాకు తెలుసు," అంది.

"ఎప్పట్నించి?"

"మూడేళ్ళయింది. పాత ఫారాలన్నీ ముందేసుకుని కూర్చున్నా ఒక రోజు. కొత్తగా వచ్చినవారు అన్న గడిలో మీరు తొమ్మిదేళ్ళలో నలుగుర్ని వేశారు. నయమైనవారు మాత్రం ఏడాదికి ముప్ఫై మంది. వచ్చింది నలుగురైతే అంతమంది ఎక్కణ్ణించి పోతున్నారు?"

"మరి నన్ను అడగలేదేం?"

"అడిగితే మీరు నిజం చెప్పేస్తారు. చెప్తే అప్పుడే మూసెయ్యాల్సొచ్చేది. ముప్ఫై ఎనిమిది మంది కోసం సముద్రం అవతల ఒక ఇల్లు నడుపుతున్నామంటే మన కౌన్సిల్లో ఎవరొప్పుకుంటారు? ఆ అంకె పుణ్యమా అని ఇంకో మూడేళ్ళు నడిచింది."

పెద్దమ్మ అప్పుడు కూర్చుంది. ఇన్నాళ్ళూ తన అంకె వల్లే మూతపడిందని కుమిలిపోయిన మనిషి. ఆ అంకె వల్లే ఇన్నాళ్ళు నిలబడిందని ఇప్పుడు వింటోంది. ఇది విని ఊపిరి పీల్చుకుంటుందనుకున్నా నేను. అలా ఏం జరగలేదు.

"మరి ఇప్పుడెందుకు మూశారు?"

"మీ తర్వాత పంపడానికి ఎవరున్నారు చెప్పండి. ఈ ఏడు కొత్తగా చేరింది ఒక్కమ్మాయి. పెట్టె మర్చిపోయానని ఇంటికెళ్ళింది, పెట్టెతో పాటు అక్కడే ఉండిపోయింది." మదర్ నవ్వబోయి మానేసింది. "మనుషుల్లేక మూశామని రాస్తే ఉన్నవాళ్ళు నీరుగారిపోతారు. అందుకే పని పూర్తయిందని రాశా. మీరు పన్నెండేళ్ళు రాశారు, నేనొక్కసారి రాశా."

"నన్ను పంపండి. నేనింకా చెయ్యగలను."

"సిస్టర్, మీ ప్రసంగం ఈ పిల్ల ఎందుకు టైప్ చేస్తోంది?"

పెద్దమ్మ చేతులు టేబుల్ మీంచి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆవిడ వైపు చూడకుండా బీరువా మీది అట్టపెట్టెలు చూస్తూ కూర్చున్నా. పెద్దమ్మే అంది.

"అక్కడికి పన్నెండు మైళ్ళ దూరంలో సర్కారు ఆసుపత్రి ఉంది. ఒక నర్సు ఉంటుంది. ఆవిడకో ఉత్తరం రాస్తా. ఎవరి పాదం ఎక్కడ చూడాలో, అందరివీ. చూస్తుందో లేదో, రాస్తా. సభలోపు కాకపోయినా తర్వాతైనా."

"తప్పకుండా రాయండి." మదర్ గొంతు మెత్తబడింది. కానీ వెంటనే, "మన పేరున్న కాగితం మీద మాత్రం వద్దు సిస్టర్. తెల్లకాగితం మీద రాయండి. అందరికీ నయమైపోయిందని అచ్చేసుకుని, మళ్ళీ మనమే కాలేదని ఎలా రాస్తాం," అంది.

సభ జరిగింది. హాలు నిండా కుర్చీలు, ముందువరసలో పెద్దవాళ్ళు, పక్కన పాటలు పాడే అమ్మాయిలు. నాలుగు వందల పదకొండు అని మైకులో చదివారు, చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ లేచి నేను టైప్ చేసిన కాగితం చదివింది. భాష గురించి, మేక బేరం గురించి, మొదటి వానాకాలంలో కారిన కప్పు గురించి. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అంకెలు మేమిద్దరం కూర్చుని తీసేశాం. చదవడం అయ్యాక కాగితం మడిచేసి, మైకు వదలకుండా అలాగే నిలబడిపోయింది. "అక్కడ ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ళకి నయం కాలేదు. వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యండి," అంది.

ఇప్పుడేమవుతుందో అని మదర్ వైపు చూశా. ఏం కాలేదు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. నా పక్కనున్నావిడ నా చెయ్యి నొక్కి, "చూశావా, అంతమందిలో ఇంక ముప్ఫై ఎనిమిది మందే మిగిలారంట. ఎంత గొప్ప పనమ్మా," అంది. కళ్ళు తుడుచుకుంది కూడా.

పెద్దమ్మ స్టేజీ మీద పూలగుత్తి పట్టుకుని నిలబడి ఆ చప్పట్ల వైపు చూస్తోంది, ఎవరో తనకి తెలీని భాషలో మాట్లాడుతున్నట్టు.

మర్నాటి నుంచి ఉత్తరం మొదలుపెట్టాం. అక్కడ ఆ జబ్బు వచ్చినవాళ్ళు మిషన్ ఇచ్చే కార్డు మీద పేరు రాయించుకోరట, బయటపడితే కూతుళ్ళకి పెళ్ళిళ్ళు కావని. అందరికీ పనిపేర్లే. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, తలుపు పక్కన బల్ల మొదలు నుంచి ఆ చివరిదాకా, కూర్చున్న వరసలోనే చెప్పుకుంటూ పోయింది.

"తాపీ మేస్త్రీ. కుడి బొటనవేలి కింద. సున్నం తొక్కుతాడు, వద్దంటే విన్నట్టే తలూపుతాడు. రాసుకో. బట్టలుతికే ఆమె. ఎడమ మడమ. ఎప్పుడడిగినా బానే ఉందంటుంది, నమ్మొద్దు, తడిమి చూడాలి. అక్కాచెల్లెళ్ళు, ఇద్దరూ. మెత్తటి చెప్పులు ఒక్క జతే ఉంచుకుని మార్చుకుని వేసుకుంటారు, రెండోజత బీరువాలో దాస్తారు పాడవుతుందని. బీరువా తీయించాలి. రాశావా?"

"రాశా."

"తాళాలు బాగుచేసే ముసలాయన. రెండుపాదాలూ. పిల్లి ఉంది వాళ్ళింట్లో, పడుకున్నప్పుడు వేళ్ళు కొరుకుతుంది, ఆయనకి తెలీదు. పిల్లిని ఇచ్చెయ్యమంటే నాతో మాట్లాడ్డం మానేశాడు నెలరోజులు."

నాకు ఇలాంటివి టైప్ చేస్తుంటే నవ్వొచ్చేది, వెంటనే నవ్వినందుకు సిగ్గేసేది. రోజుకి ఎనిమిది, పదిమంది చొప్పున సాగింది. మొహాలు ఎలా ఉంటాయని నేనడిగితే తడుముకునేది కానీ పాదాలు మాత్రం ఏ గీత ఎక్కడుందో గడగడా చెప్పేసేది. నాలుగో రోజుకి ముప్ఫై ఏడు మంది అయ్యారు.

ముప్ఫై ఎనిమిదో మనిషి రాలేదు.

"బుట్టలల్లే ఆమె అయింది కదా. తర్వాత పోస్టుమాన్ పెళ్ళాం." పెద్దమ్మ వేళ్ళు గాల్లో బల్ల మీద నడిచినట్టు కదిలాయి. "ఇద్దరి మధ్యా ఎవరో ఉంటారు. ఖాళీ ఉండదు అక్కడ. బేసిన్ పెట్టేదాన్ని నేను."

"మగా, ఆడా?"

"తెలీట్లేదే."

"పోనీ ఏ కాలు?"

తల అడ్డంగా ఊపింది. మళ్ళీ తలుపు దగ్గర్నించి మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. మూడు రోజులు అదే. భోజనాల దగ్గర చెంచా గాల్లో ఆపేసి ఆలోచించేదట, పక్క సిస్టర్లు చెప్పారు. ఎప్పుడూ గొడవ చేసే మనిషి అయ్యుండదు అన్నా నేను, గొడవ చేసేవాళ్ళందరూ గుర్తొచ్చారు కాబట్టి. ఊరికే ఓదార్పుకి అన్న మాట అది. పెద్దమ్మ ఆ మాట పట్టుకుంది. "అదే," అంది. "చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. నేను పెద్దగా చూసుండను."

ఇంక ఆ మాట ఎందుకన్నానా అని నన్ను నేనే తిట్టుకున్నా.

ఎనిమిదో రోజు, "ఇంక పంపించెయ్," అంది.

"పైన ముప్ఫై ఏడని మార్చెయ్యనా పెద్దమ్మా?"

"వద్దు. ముప్ఫై ఎనిమిదే ఉంచు. బుట్టల ఆమెకీ పోస్టుమాన్ పెళ్ళానికీ మధ్య ఒక నంబరు వేసి ఖాళీ వదులు."

"ఖాళీ చూసి ఆ నర్సుకేం అర్థమవుతుంది?"

"అక్కడ ఎవరో ఉన్నారని అర్థమవుతుంది. కనుక్కుంటుందేమో."

తెల్లకాగితాల మీదే ప్రింటు తీశా, ఆరు పేజీలు. ఆవిడ వాచిన వేళ్ళతో కింద సంతకం ఒక్కటీ తనే పెట్టింది. పోస్టాఫీసులో తీసుకునేవారి పేరు రాయమన్నారు. నర్సు పేరు పెద్దమ్మకి తెలీదు. కాళ్ళు చూసే నర్సుగారికి అని రాసి పంపేశాం.

అయిదు నెలలైంది. జవాబు లేదు. ఆసుపత్రికి రెండుసార్లు ఫోన్ చేశా, ఒకసారి మోగి మోగి ఆగిపోయింది, ఇంకోసారి ఎవరో ఎత్తి, ఆ నర్సు బదిలీ అయిపోయిందో లేదో తమకి తెలీదన్నారు. ఫాదర్ దగ్గర్నుంచి ఒక్క కార్డు వచ్చింది, ఇల్లు ధాన్యం నిల్వకి అద్దెకిచ్చామని. కాళ్ళ సంగతి అందులో లేదు.

పెద్దమ్మని కాన్వెంటులో ఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తి, కావలసినవాళ్ళని పిలవడం. ఆదివారాలు నేను వెళ్తాను. ఆ మనిషి గుర్తొచ్చారా అని నేనడగను. తనే చెప్తుంది, నేనింకా చెప్పులు విప్పకముందే.

"రాలేదే," అంటుంది.